నూటికి నూరు

2091 నాటికి పెళ్లిచూపుల్లో అమ్మాయిని పాట పాడమనడం పోయింది. ఇప్పుడు అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ వలపుమాపకం ముందు కూర్చుని "నువ్వంటే నాకిష్టం" అనాలి. గొంతులోని సూక్ష్మకంపనాలను బట్టి ఆ ఇష్టం నూటికి ఎంతో యంత్రం చెప్పేస్తుంది. కాఫీ చల్లారేలోగా సంబంధం సంగతి తేలిపోతుంది.

కొలత అన్నాక దేనితోనో పోల్చాలి కదా. 1960లలో ముగ్గురమ్మాయిల బృందం పాడిన ఒక ప్రేమపాటను నూరుగా పెట్టుకున్నారు. అది విని కళ్లు తుడుచుకోని తరం లేదు. అంతకంటే నిజమైన ప్రేమ ఎక్కడ దొరుకుతుందని అందరూ ఒప్పుకున్నారు. యంత్రాన్ని కనిపెట్టిన సుధేష్ణ కూడా ఒప్పుకుంది. ఆమెను కోరుకున్న శశాంక్‌కు మాత్రం నలభై ఒకటే వచ్చింది. తన యంత్రాన్ని తనే కాదంటే ఎలా? పిచ్చిది, అతణ్ణి వద్దనేసింది. అప్పట్నుంచి అన్నం సయించడం లేదని ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు విశాఖ ప్రయోగశాలలో ఆమె సహోద్యోగి ఫణిభూషణం, కొత్త వాయిస్ సెపరేటర్‌తో ఆ పాత రికార్డులోని మూడు గొంతులనూ విడదీశాడు.

"ఆ నూరుతో పోల్చకుండా, ముఖ్య గాయని గొంతు ఒక్కటే విని చెప్పు," అన్నాడు యంత్రంతో.

"ఇందులో ప్రేమ లేదు," అంది యంత్రం. "దవడ బిగుసుకుంది. మాటమాటకీ ఊపిరి ఆగుతోంది. ఈమెకు పన్ను నొప్పి."

ఫణిభూషణం పగలబడి నవ్వాడు. "కొంప ముంచింది కదమ్మా! ఇన్నాళ్లూ జనం ప్రేమని పన్ను నొప్పితో తూచామన్నమాట!"

సుధేష్ణకు ఏడుపొచ్చింది. వెంటనే శశాంక్‌ని రమ్మని కబురు పెట్టింది.

అతను వెలిగిపోతూ వచ్చాడు. ఆమె ఏదో చెప్పబోతుంటే, "ముందు నన్ను చెప్పనీ," అని యంత్రం ముందు కూర్చున్నాడు. దవడ బిగించి, ఆగి ఆగి అన్నాడు: "నువ్వంటే నాకిష్టం."

తొంభై ఆరు.

"ఏడాదంతా ఆ పాటే వింటూ సాధన చేశాను సుధా. ఇప్పుడైనా ఒప్పుకుంటావా?"

సుధేష్ణ యంత్రాన్ని ఆపేసింది. "నలభై ఒకటి వచ్చిన రోజు ఎలా అన్నావో అలాగే అను. నాక్కావలసింది అదే."

"అదెంత పని!" అన్నాడు. ఒకసారి ప్రయత్నించాడు. మళ్లీ ప్రయత్నించాడు. దవడ బిగుసుకుంటూనే ఉంది. అతని మొహంలో భయం కనిపించింది.

"అప్పుడెలా అన్నాను సుధా? నువ్వే చెప్పు."

ఆమె ఆ గొంతు గుర్తుచేసుకోబోయింది. ఆ రోజు ఆమె ధ్యాసంతా అంకె మీదే ఉంది.