చేతికందే ఎత్తు

తెల్లవారేసరికే ఇంట్లో డ్రిల్లింగ్ మిషన్ మోత మొదలైంది. మర్నాడు మోకాలి ఆపరేషన్ ఇల్లాలికి, హడావిడంతా ఇంటాయనది. ఆయన వడ్రంగి మేస్త్రి. వీధిలో అందరూ ఆయన్ని మేస్త్రిగారనే పిలుస్తారు. కోపమొస్తే పెళ్లాం కూడా అలాగే పిలుస్తుంది.

చెవి మీద పెన్సిలు, పెదాల మధ్య స్క్రూలు పెట్టుకుని, ఆయన ఒప్పుకున్న పనులన్నీ వాయిదా వేసి మరీ ఇల్లు సిద్ధం చేస్తున్నాడు. కాలికి అడ్డం పడతాయని తివాచీలు చుట్టేశాడు. గడప దగ్గర వాలుగా చెక్క బిగించాడు. కొత్త మంచం చేసి కిటికీ పక్కన వేశాడు. బాత్రూం గోడకి పట్టుకోవడానికి టేకు కడ్డీ పెట్టి, చెయ్యి జారకుండా చివర్లు గుండ్రంగా చెక్కాడు. పాపం, ప్రేమకేం లోటు లేదు.

"అమ్మా, వచ్చి చూడు! నాన్న మనిల్లు ఆసుపత్రి కంటే బాగా చేశాడు" అని పిలిచింది, సెలవు పెట్టి వచ్చిన కూతురు.

తల్లి చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకందక వేలాడాయి. బాత్రూంలో కడ్డీ పట్టుకోబోతే చెయ్యి భుజం దాటి పైకి లేపాల్సి వచ్చింది. లోపలికెళ్లి, చెల్లెలితో ఫోన్లో మాట్లాడి, ఆసుపత్రికని సర్దుకున్న బ్యాగులో ఇంకో నాలుగు చీరలు కుక్కుకుని బయటికొచ్చింది.

"ఆసుపత్రి నుంచి తిన్నగా మా చెల్లెలింటికి వెళ్తాను. ఈ ఇంటికి రాను."

మేస్త్రి నోట్లోంచి స్క్రూలు రాలిపడ్డాయి. "ఇదెక్కడి గొడవే! ఇంత చేస్తే మెచ్చుకోవాల్సింది పోయి?"

"బ్రహ్మాండంగా చేశారు మేస్త్రిగారూ. ఎవరికోసం?"

"ఎవరికోసమేంటి? ఇదిగో, కడ్డీ ఎంత హాయిగా అందుతోందో చూడు!" ఆయన బాత్రూంలోకెళ్లి పట్టుకుని చూపించాడు.

"మీకందుతోంది. ఆపరేషన్ మీకా, నాకా?"

కూతురు కిసుక్కున నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది.

"ఓస్, అంతేనా! ఓ జానెడు దించితే సరిపోయె. మంచం కాళ్లు కూడా కోసేస్తాలే. దీనికి అలకెందుకు?"

"వంటగదిలో అరలు? అవెప్పుడు దించుతారు? పప్పుల డబ్బాకి స్టూలెక్కాలి. పెద్ద గిన్నెకి స్టూలెక్కాలి. బట్టలారేసే తీగకీ స్టూలే. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఎక్కుతున్నా, దిగుతున్నా. ఆఖరికి దాని మీద నుంచే పడ్డాను. అరిగిపోయిన మోకాలు, పడటంతో పూర్తిగా పోయిందన్నాడు డాక్టరు. ఎలా అరిగిందో ఆయనకి తెలీదు. నాకు తెలుసు."

"అందట్లేదని ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్పానండీ, కొత్తలోనే. స్టూలు చేసిస్తాలే అన్నారు. చేసిచ్చారు కూడా. పాలిష్ పెట్టి మరీ."

మేస్త్రి రాలిపడిన స్క్రూలు ఏరుతూ, "రేపు ఆపరేషన్ పెట్టుకుని ఇప్పుడా ఇవన్నీ?" అని గొణిగాడు.

"ఇప్పుడే. రేపట్నుంచి మంచంలో ఉంటాను, మంచినీళ్లు కావాలన్నా మిమ్మల్నే అడగాలి. అప్పుడు దేనికైనా సరేననాల్సిందే. నా కాళ్ల మీద నేను నిలబడి ఉండగానే అడుగుతున్నా. ఎవరింటికెళ్లినా ముందు మీరేం చేస్తారు? ఆ ఇంటావిడని పిలిచి, 'గోడకి నిలబడి చెయ్యెత్తండమ్మా' అంటారు. ఆవిడ వేళ్లు తగిలినచోట గీత గీసి, అక్కడ అర కొడతారు. మీకు అంత పేరొచ్చిందే దాంతో. ఆ మాట నన్ను ఒక్కసారన్నా అన్నారా?"

ఆయన సాయం కోసం కూతురి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా."

"నేనేం చెప్పను నాన్నా? నాకు నీ పొడుగొచ్చింది. అమ్మ ఎక్కినప్పుడల్లా స్టూలు కదలకుండా పట్టుకున్నాను. ఎందుకెక్కాలని నేనూ అడగలేదు."

మేస్త్రి వంటగదిలోకి నడిచాడు. తర్వాత మోకాళ్లు వంచి, పెళ్లాం ఎత్తుకి తగ్గి, తలెత్తి చూశాడు. అరల అడుగు కనిపించింది. గరుకుగా, పాలిష్ లేకుండా, మేకుల మొనలు బయటికొచ్చి ఉంది. పైకి కనపడదు కదా అని ఆ వైపు వదిలేశాడు. ఇన్నేళ్లూ ఆమె రోజూ చూసింది ఆ వైపే. ఆయనకి సిగ్గుతో మొహమెత్తబుద్ధి కాలేదు.

బయటికొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెవి మీది పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇలా వచ్చి గోడకి నిలబడు. చెయ్యెత్తు."

ఆమె కదల్లేదు. "కడ్డీ ఒక్కటేనా? అన్నీనా?"

"అన్నీ. అరలు, తీగ, అద్దం, అన్నీ. నువ్వు ఇంటికొచ్చేసరికి ఈ ఇంట్లో స్టూలనేది ఉండదు."

"మీకు వంగీ వంగీ నడుం పట్టేస్తుంది."

"పట్టనీ. నా వంతు వంగుతాను."

కూతురు బ్యాగు అందుకుంది. తల్లి గోడకి ఆనుకుని, కర్ర వదిలేసి, చెయ్యెత్తింది. ఎత్తేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. అయినా చెయ్యి దించలేదు. మేస్త్రి ఆమె వేళ్ల దగ్గర గీత గీశాడు.

తర్వాత కడ్డీ కోసం కొలిచాడు. ఆమె కళ్లు తుడుచుకుని ఆ గీత పరీక్షగా చూసి, "ఇంకాస్త కిందికి. వాకర్‌తో నడిచేటప్పుడు వంగి ఉంటానుగా" అంది. ఆయన మారుమాట్లాడకుండా చెరిపేసి, కిందికి గీశాడు. ఆమె సరేననేదాకా చెరుపుతూనే ఉన్నాడు.

సాయంత్రం చెల్లెలు ఫోను చేసి, గది ఖాళీ చేశాను, వస్తున్నావా అని అడిగింది. వంటగదిలోంచి సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"నేను రానే. నువ్వే నన్ను చూడ్డానికి రా" అందామె. "మా ఇంట్లో అన్నీ నా చేతికందుతాయి."