ఇరవై రెండు రసీదులు

డిటెక్టివు ఆఫీసులో వ్యాను డ్రైవరు కుర్చీ అంచున కూర్చుని నోటీసును నలిపేస్తున్నాడు.

"యాక్సిడెంటు కేసులో కోర్టు వేసిన పరిహారం ఒక్క పైసా కట్టలేదటండీ! రేపు సాయంత్రానికి తేలకపోతే లైసెన్సు సస్పెండ్ చేస్తారట. చచ్చీ చెడీ నెలనెలా కట్టానండీ. ఇవిగో, ఇరవై రెండు రసీదులు."

టైపిస్టమ్మ అందుకుంది. ముప్పై ఏళ్ళు కోర్టులో టైపు కొట్టి రిటైరయ్యాక ఈ డిటెక్టివు దగ్గర చేరిందావిడ. దొంగ కాగితం ఆవిడ ముక్కుకి ఇట్టే తెలిసిపోతుంది. ఎలా దొంగదో తేల్చడం మాత్రం ఆయన వల్లే అవుతుంది, అందుకే ఆయనంటే అంత గురి. ప్రతి రసీదు కిందా 'ఎడమ బొటనవేలి ముద్ర' అని ఉంది. ప్రతి ముద్రకీ అడ్డంగా సన్నటి తెల్లగీత.

"దెబ్బ తిన్నాయనకి మీరే ఇచ్చారా?" అడిగాడు డిటెక్టివు.

"లేదండీ. ఆయన దర్జీ. మా బావమరిది పట్టుకెళ్ళేవాడు. ఆ పేటలోనే వాడి అద్దాల కొట్టు."

"మీరు ఒక్కసారీ వెళ్ళలేదా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళనండీ? కోర్టుకి కూడా వకీలునే పంపాను."

ఆ మధ్యాహ్నమే డిటెక్టివు, టైపిస్టమ్మ దర్జీ ఇంటికి వెళ్ళారు. ఎడమ భుజం మీదుగా పెద్ద తువ్వాలు కప్పుకున్న దర్జీ మంచినీళ్ళు తెచ్చాడు. ఒక గ్లాసు ఇచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి రెండోది తెచ్చాడు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది.

మర్నాడు డిటెక్టివు డ్రైవరునీ, బావమరిదినీ, దర్జీనీ ఆఫీసుకి పిలిపించాడు.

"దర్జీగారు మీ ఎదుటే వేలిముద్ర వేశారా?"

"ఒట్టండీ! ప్రతి నెలా నా కళ్ళముందే వేశారు," అన్నాడు బావమరిది.

దర్జీ తువ్వాలు తీశాడు. చొక్కా ఎడమ చెయ్యి ఖాళీగా, మోచేతి దగ్గర మడిచి పిన్నీసు పెట్టి ఉంది. "ఏ వేలితో వేశాను నాయనా?"

అయ్యో, అని టైపిస్టమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డిటెక్టివు బావమరిది ఎడమచెయ్యి తిప్పి చూపించాడు. బొటనవేలికి అడ్డంగా అద్దం కోసిన పాత గాటు. "రసీదుల మీది తెల్లగీత ఇదే. డబ్బంతా ఈయన మింగేశాడు."

"నువ్వు ఆ గుమ్మం తొక్కవని నాకు తెలుసు బావా. నేనూ ఎప్పుడూ తొక్కలేదు," గొణిగాడు బావమరిది. "లేకపోతే అంత ధైర్యం చేసేవాణ్ణా?"

డ్రైవరు దర్జీ కాళ్ళ మీద పడ్డాడు. "గడువిచ్చానని ఒక్క సంతకం పెట్టండి! లైసెన్సు పోతే నా పిల్లలు పస్తులుండాలి."

దర్జీ కలం తీసుకున్నాడు. కాసేపు చూసి, మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు.

"రెండేళ్ళు బాబూ. ఒక్కపూట వచ్చి బతికున్నానో లేదో చూసుంటే, మొదటి రసీదుకే వీడు దొరికిపోయేవాడు. నా మిషను మూలపడింది. మీ వ్యాను కూడా పడనివ్వండి."

టైపిస్టమ్మ లేచి ఆయన భుజం మీద తువ్వాలు సర్దింది. నేలమీదున్న డ్రైవరు వైపు చూడలేదు.