వైఫై ఆపిన సాయంత్రం

చాందిని నోరు విప్పిందంటే రైల్వే వాగన్ షాపు కాలనీలో పెద్దవాళ్ళు కూడా సర్దుకుని కూర్చుంటారని పేరు. నాగబాబు మాత్రం ఆమె తనతో పని మాట కాకుండా ఒక్క మాట మాట్లాడితే చాలని ఏడాదిగా కాచుకుని ఉన్నాడు. తిట్టినా సరే అనుకున్నాడు. దేవుడు ఆ మాట విన్నట్టున్నాడు.

ఆ సోమవారం ఆమె తన నాన్న పెన్షన్ కాగితం తీయించుకోవడానికి అతని చాయిస్ సెంటరుకి వచ్చింది. చాయిస్ సెంటరంటే పెద్ద ఆఫీసేం కాదు. ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. ఆ హిందీ ఊళ్ళో, కాలనీలోని తెలుగువాళ్ళ కరెంటు బిల్లులూ, పరీక్షల దరఖాస్తులూ అన్నీ అక్కడే.

"నేనే కొడతాను, జరుగు," అని ఆమె కుర్చీలో కూర్చుంది. యూజర్ ఐడీ గడిలో మౌసు నొక్కగానే కిందకి పేర్లు బారుగా దిగాయి.

"ఇదేటి? సూరమ్మ పిన్నిది, మా నాన్నది, గుడి కమిటీది... అందరివీ ఇక్కడే ఉన్నాయేటి?"

"ఒకసారి కొట్టింది మళ్ళీ ఎవరికీ గుర్తుండదు కదా. అందుకే బ్రౌజర్లో సేవ్ నొక్కేస్తాను. ఎవరొచ్చినా చిటికెలో కామ్, పని అయిపోద్ది." నాగబాబు గర్వంగానే చెప్పాడు.

"పాస్‌వర్డులు కూడానా?"

"అవి లేకపోతే ఎలా తెరుచుకుంటాది?"

"దొంగచేతికి తాళాలిచ్చినట్టుంది మా కాలనీ యవ్వారం."

"కసమ్ సే చాందినీ, ఒట్టు, ఒక్కటి కూడా తెరిచి చూళ్ళేదు."

"చూశానని ఏ దొంగ చెప్తాడు? నువ్వు మంచోడివే అనుకో. రేపు ఈ డబ్బా ఎవడైనా ఎత్తుకుపోతే? ముందు అవన్నీ తీసెయ్. నేనిక్కడే నిలబడతాను."

బుద్ధున్నవాడైతే ఒక్కొక్కరినీ పిలిచి, కొత్త పాస్‌వర్డు పెట్టించి, గుర్తుండేలా చెప్పి, ఆ తర్వాత తీసేవాడు. నాగబాబుకి ఆ క్షణంలో బుద్ధెక్కడిది? మల్లెపూల వాసన మూరెడు దూరంలో ఉంది. అన్నిటినీ ఒకేసారి చెరిపేసే మీట వెతికి, నొక్కేశాడు. తెర తెల్లబడింది. "షాబాష్," అని ఆమె నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు తలుచుకుంటూ అతను వారమంతా గాల్లోనే నడిచాడు.

శనివారం మధ్యాహ్నం కుండపోతగా వాన. తడిసి ముద్దయి చాందిని గుమ్మంలో నిలబడింది. కళ్ళెర్రగా ఉన్నాయి.

"నాగబాబూ, రేపొద్దున టీచర్ పరీక్ష. హాల్ టికెట్ తీసుకోవాలి. పాస్‌వర్డ్ గుర్తు రావట్లేదు."

నాగబాబు పాస్‌వర్డుల పేజీ తెరిచి చూశాడు. ఖాళీ. చలికాలంలో ఆమె దరఖాస్తు నింపింది ఈ కంప్యూటరు మీదే. అప్పుడు సేవ్ నొక్కిందీ, మొన్న చెరిపిందీ అతని చెయ్యే.

"మర్చిపోయాను అని కొడితే ఫోన్‌కి ఓటీపీ వస్తాది కదా?"

"నాన్న పాత నంబరిచ్చాం. ఆ సిమ్ ఎప్పుడో బంద్. మెయిల్ కూడా ఆ రోజే ఇక్కడే చేశాం, దాని పాస్‌వర్డూ తెలీదు. హెల్ప్‌లైన్‌కి పొద్దున్నుంచీ కొడుతున్నాను, ఎత్తట్లేదు."

రెండేళ్ళుగా ఆమె పొద్దున కాలనీ పిల్లలకు ట్యూషన్లు చెప్పి, మిగిలిన పొద్దంతా ఈ పరీక్షకే చదివింది. మళ్ళీ ఈ పోస్టులు ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు.

"నన్ను తిట్టు," అన్నాడు నాగబాబు.

"నిన్నెందుకు? తీసెయ్యమన్నది నేనే." ఆమె కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. కాలనీని గడగడలాడించే మనిషి అలా కూర్చుంటే అతనికి చూడబుద్ధి కాలేదు. ఏడుస్తుందేమోనని భయపడ్డాడు. ఆమె ఏడవలేదు. చేతులు తీసి సూటిగా అడిగింది.

"నీ బ్రౌజర్ అకౌంటు ఇంకెందులోనైనా ఉందా? ఇంకో ఫోనో, ఏదో?"

ఉంది. అతని పాత లాప్‌టాప్ పండరీ బజార్లో మేనమామ భీమారావు బట్టలకొట్టులో పడి ఉంది. దాంట్లో కూడా అదే అకౌంటు. నెలరోజులుగా ఎవరూ తెరవలేదు కాబట్టి, ఇక్కడ చెరిపిన పాస్‌వర్డులు అందులో ఇంకా ఉండాలి.

"మామయ్య కొట్టులో పాత లాప్‌టాప్ ఉంది గాని... నెట్ తగిలిందంటే ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోద్ది. అది తెరిచినప్పుడు నెట్ ఉండకూడదు."

"మామయ్యకి ఫోన్ కొట్టు. చలో."

ఫోనులో లాప్‌టాప్ మాటెత్తగానే భీమారావు, "ఆ లాప్‌టాపేనా అల్లుడూ? ఇప్పుడే సార్జింగ్‌లో ఎట్టాను. ఎవడో కొంటానన్నాడు, తెరిసి సూపిద్దామని," అన్నాడు.

"మామయ్యా, నీకు దండం పెడతాను, మూత ఎత్తకు. వైఫై ఆపెయ్."

"శనివారం గిరాకీరా. బిల్లులన్నీ దానిమీదే."

చాందిని ఫోను లాక్కుంది. "మామయ్యగారూ, నేను సూరిబాబుగారి అమ్మాయిని. అందులో నా పరీక్ష ఉంది. ఒక్క గంట ఆపండి."

అవతల కొట్టు గోలలో బల్ల జరిపి వైరు పీకిన చప్పుడైంది. తర్వాత, "ఆపేసినానమ్మా, రండి," అన్నాడు భీమారావు.

స్కూటీ ఆమే నడిపింది. వెనక కూర్చున్న నాగబాబు మొహానికి వాన ఛెళ్ళున కొడుతోంది. నీళ్ళు నిండిన గుంతల మధ్య, లారీల పక్కనుంచి, ఒక్కచోట బ్రేకు వెయ్యకుండా దూసుకుపోతున్న ఆమెను చూసి అతనికి తెల్లబోవడం తప్ప ఇంకేం చేతకాలేదు. తనైతే ఈపాటికి బండి పక్కకి ఆపేసేవాడు. ఇంత ధైర్యం ఒక్క మనిషిలో ఎలా పట్టిందో అనుకున్నాడు.

కొట్టులో బేరం నిలిచిపోయి ఉంది. చీరలు ఎంచుకున్న ఆడవాళ్ళు బిల్లు లేక బెంచీల మీద కూర్చుని, సంగతి విని, గుసగుసలు మానేశారు. భీమారావు రౌటరు వైరు పీకి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ ఎవడైనా తగిలిస్తాడేమోనని ఆయన భయం.

నాగబాబు లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డుల పేజీ తీశాడు. పిన్ అడిగింది. అతను పిన్ కొట్టకుండా కుర్చీలోంచి లేచాడు.

"కూర్చో. పిన్ చెప్తాను, నువ్వే కొట్టుకో," అని ఆమె చెవి దగ్గర చెప్పి, బట్టల తానుల వైపు తిరిగి నిలబడ్డాడు.

"నువ్వెక్కడికి?"

"నీది నేను చూడకూడదు కదా."

"నీవి కూడా ఉంటాయి ఇందులో. బ్యాంకువీ, అన్నీ."

"ఉంటాయి. చూసేది నువ్వే కదా."

వెనకనుంచి మీటల చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఆమె తన ఫోను బయటికి తీసిన అలికిడి. నాగబాబు ఎదురుగా ఉన్న పచ్చ తాను మీది పువ్వుల్నే చూస్తూ, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. పోయి ఉంటే ఈ జన్మకి ఆమె మొహం చూడలేననుకున్నాడు.

"నాగబాబూ, ఇటు తిరుగు." తిరిగాడు. సొంత నెట్‌తో తెరిచిన ఆమె ఫోను తెర మీద ఆమె ఫొటో, కింద ఊరి బయట ధర్సీవాలో పరీక్ష కేంద్రం పేరు. హాల్ టికెట్. బెంచీ మీది ఆడవాళ్ళలో ఎవరో చప్పట్లు కొట్టారు. భీమారావు వైరు పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

చాందిని కళ్ళు మాత్రం నాగబాబు మీద ఉన్నాయి. అతన్ని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది. "కాలనీ మొత్తం ఉంది ఇందులో," అంది మెల్లగా. "అందరి ఇళ్ళూ. ఇన్నాళ్ళు నీ చేతిలో పెట్టుకుని... ఇప్పుడు నీదంతా నా చేతిలో పెట్టి అటు తిరిగిపోయావు. నాకు భయమేసింది తెలుసా? ఇంత నమ్మకం నామీద ఎవరూ పెట్టలేదు."

ఏడాదిగా బట్టీపట్టిన మాటలకి బదులు నాగబాబు నోటికి, "రేపెలా వెళ్తావు?" అన్న మాటొచ్చింది.

ఆమె తన నాన్నకి ఫోను కలిపింది. వాన హోరుకి వినబడక స్పీకరు పెట్టింది.

"నాన్నా, హాల్ టికెట్ దొరికింది. రేపు ధర్సీవాకి నాగబాబు తీసుకెళ్తాడు."

"సెంటరు నాగబాబా? నాను తీసికెళ్తాను కదే. ఆడికెందుకు శ్రమ?"

"రేపొక్క రోజుకే కాదు నాన్నా. ఆ తర్వాత కూడా."

బెంచీల మీది ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. నాగబాబు తానుల బల్ల పట్టుకున్నాడు. ఫోనులో సూరిబాబు గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళు వాగన్ షాపులో ఇనుముతో మాట్లాడిన మనిషి. మెత్తటి మాటలు ఆయనకి అలవాటు లేవు.

"ముందు పరీచ్చ బాగా రాయి. సాయంత్రం ఆణ్ణి బోజనానికి తీసుకురా. సేపలు తింటాడేటి?"

నాగబాబు తల పైకీ కిందకీ ఊపుతూనే ఉన్నాడు.

"నోట మాట రావట్లేదు నాన్నా," అంది చాందిని, అతని చెయ్యి పట్టుకుని. "తింటాడు."