పడమటి గోడ మీది దొరలు

కెజియా రహమత్బీ ఇంటికి వచ్చి కూర్చున్నాక కూడా చేతిలోని ఇంటి తాళాలు వదల్లేదు. ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఒంటిమీద నర్సు బట్టలే ఉన్నాయి. ఉమేరా ఇచ్చిన మంచినీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగేసింది.

"నేను లేనప్పుడు మా ఇంట్లోకి ఎవరో వస్తున్నారండీ. మా ఆయనేమో వాచ్‌మన్ మతీన్ పనే అంటున్నారు. రేపు ఓనరు మనిషి వచ్చి అతనికి ఎగ్జిట్ కొట్టించి ఇండియాకు పంపేస్తాడట. అతను కాకపోతే ఆ ఉసురు నాకు తగలదాండీ?"

రహమత్బీ ఒకప్పుడు హైదరాబాదులో పెళ్లి సంబంధాల వాకబు చేసే డిటెక్టివ్ ఏజెన్సీలో తొమ్మిదేళ్లు పనిచేసింది. భర్త ఉద్యోగం వల్ల సౌదీలోని రాస్ తనూరా చేరాక, పోలీసుల దాకా వెళ్లలేని తెలుగువాళ్ల చిక్కులన్నీ ఆమె గుమ్మంలోకే వచ్చేవి. తమ్ముడి భార్య ఉమేరా ఆమెకు తోడు. తన కళ్లముందున్నదే వదినకు మాత్రం ఎలా కనబడుతుందో ఉమేరాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

"పోయిందేంది మ్మా?"

"పటమండీ."

కెజియా భర్త కొర్నేలుకు ఎక్కడో దూరాన నజ్రాన్‌లో పని. రెండు నెలలకోసారి వస్తాడు. బోసిగా ఉన్న హాలు చూసి, రెండున్నర శతాబ్దాల నాటి ఇంగ్లీషు వ్యంగ్య చిత్రాల నకళ్లు ఎనిమిది తెప్పించి, అద్దాలు కట్టించి గోడలకు తగిలించాడు. గడ్డివామంత జుట్టు కట్టిన దొరసాని, కోర్టులో కునికే జడ్జి, రోగిని వదిలేసి తమలో తాము కొట్లాడుకునే ముగ్గురు వైద్యులు. పోయింది ఆ వైద్యుల పటమే.

"డ్యూటీ నుంచి రాగానే వాళ్లను చూసి ఒక్కసారి నవ్వుకునేదాన్నండీ. ఆ ఇంట్లో నేను నవ్వేది అదొక్కసారే."

ఇంటికి వెళ్లి చూశారు. పడమటి గోడకు ఐదు మేకులు, నాలుగు పటాలు. వాటిలో రెండు తారుమారయ్యాయట. తూర్పు గోడ మీది మూడింటికీ దుమ్ము పట్టి ఉంది. పడమటి గోడ కింద తివాచీ మీద పీట కాళ్ల గుంటలు. సోఫా కింద నుంచి రహమత్బీ ఒక గాజుపెంకు ఏరింది.

"ఇంకేమన్నా తేడా కనపడిందా?"

"బాత్రూం గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టా తడిగా ఉంటోందండీ. పడకగదికి తాళం వేసుకునే వెళ్తాను, అది ఎవరూ తెరవలేదు."

"మతీన్ ఎట్లాటోడు?"

"మంచోడే. తల గుమ్మానికి తగిలేంత పొడుగు. అజాన్ వినబడితే చేతిలో చీపురు వదిలేసి మసీదుకు పరుగెడతాడు."

మతీన్‌ని పిలిచారు. తల వంచుకుని నిలబడ్డాడు.

"నీ దగ్గరున్న తాళంచెవి ఎవరికిచ్చినావురా?"

"ఎవలికీ ఇయ్యలే."

"పటం నువ్వు తీసినావా?"

"తియ్యలే. పంపిస్తే పోతా అమ్మా. నన్నేం అడుగకుండ్రి."

వీసాకు అప్పు చేసి ఏడు నెలల కిందటే వచ్చినవాడు అంత తేలిగ్గా పోతాననడం ఉమేరాకు వింతగా తోచింది.

రహమత్బీ ఎదురింటి తలుపు తట్టింది. గుమ్మం బయట ఆరు జతల మగ చెప్పులున్నాయి. లోపల సుభాన్, అతని అన్నదమ్ములు, తోటి పనివాళ్లు, గట్టిగా మోగుతున్న టీవీ. వంటింటి పరదా వెనకనుంచి సుభాన్ భార్య అమీనా తొంగిచూసింది. వేలికి గుడ్డ చుట్టి ఉంది.

మర్నాడు సుభాన్ వాళ్లు డ్యూటీకి వెళ్లిన వేళ చూసి రహమత్బీ అందరినీ కెజియా హాల్లో చేర్చింది. మతీన్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అమీనా ఉమేరా పక్కన కూర్చుంది. నజ్రాన్ నుంచి కొర్నేలు ఫోనులో ఉన్నాడు.

"దొంగయితే రెండు గోడలూ చూస్తాడు," అంది రహమత్బీ. "ఈ మనిషి పడమటి గోడవే దించింది. మక్కా ఆ దిక్కే గదా. ఎదురుగా మనుషుల బొమ్మలు పెట్టుకుని మేము నమాజుకు నిలబడం. ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని ఒజూ చేసుకోవాల, అందుకే పట్టా తడి. ఉమేరా, నువ్వు రోజూ చేసే పనే మే ఇది, అందుకే నీకు కనపడలే."

"అయితే మతీనే కదండీ!" ఫోనులో కొర్నేలు గట్టిగా అన్నాడు.

"మతీన్ మసీదుకు పోతాడు. పైగా ఆ పొడుగుకు పీట ఎందుకు నాయనా? ఇంట్లో నమాజు చేసేది ఆడమనిషి. పటం జారి అద్దం పగిలింది, వేలు తెగింది."

అమీనా వేలు కొంగులో దాచుకుంది.

"ఒక్కతూరి మా ఇంట్లో నీళ్లు రాకపోతే మతీన్ భాయ్‌ని తాళం అడిగినా," అంది అమీనా. "ఈడ చప్పుడే లేదు. నమాజయినాక పావుగంట ఊరికే కూర్చున్నా. మళ్లీ మళ్లీ రాబుద్దయింది. పటానికి కొత్త అద్దం ఏయించి పెడదామనుకున్నా అక్కా. నన్ను బజారుకు పోనిచ్చేదెవరు?"

"నువ్వెందుకు చెప్పలేదయ్యా?" కెజియా మతీన్ వైపు తిరిగింది.

"పరాయి ఇంటి ఆడామె మీ ఇంట్ల ఉంటదని నేను చెప్తే, తాళం నా దగ్గరిదే గదా అమ్మా. లోకం ఏమంటది? ఆమె బతుకేం గావాలె? నేను పోతే నౌకరీ ఒక్కటే పోతది."

"ముందు తాళం మార్పించు," అన్నాడు ఫోనులో కొర్నేలు. కెజియా ఫోను కట్టేసి, ఓనరు మనిషికి చేసింది. "ఇక్కడ దొంగతనమేమీ జరగలేదు. పటం రిపేరుకెళ్లింది. మతీన్ జోలికి వెళ్లొద్దు."

మతీన్ చేత్తో కళ్లు తుడుచుకుని మెట్లు దిగాడు.

అమీనా తాళంచెవి బల్ల మీద పెట్టింది. కెజియా దాన్ని తీసి మళ్లీ ఆమె చేతిలోనే పెట్టింది.

"ఉంచుకో. మీ ఆయనతో నేనే చెబుతాను, మొక్కలకు నీళ్లు పోయడానికని. శుక్రవారం నాకు సెలవు. నేనున్నప్పుడు కూడా రా."

"చూస్తా అక్కా," అంది అమీనా.

మెట్లు దిగుతూ ఉమేరా అడిగింది. "వస్తుందా వదినా?"

"రాదు మే. ఆ పిల్లకు ఎవరూ లేని ఇల్లు కావాల. ఈమెకు ఎవరన్నా ఉండే ఇల్లు కావాల. ఇది నాకు తెగే కేసు కాదు."

ఉమేరా నాలుగు మెట్లు దిగి ఆగింది. "నువ్వు పద వదినా," అని వెనక్కి తిరిగి, పైకి వెళ్లి, కెజియా తలుపు తట్టింది.