తాళాలాయన కూతురి సైకిల్

పొయ్యి మీద పాలు పొంగుతుండగా కింద నుంచి కూతురి కేక వినిపించింది. "నాన్నా! నా సైకిల్ లేదు!"

తాళాలాయన చెప్పులైనా వేసుకోకుండా మూడంతస్తులు దిగాడు. మెట్ల కింద, ఆ పిల్ల రోజూ సైకిల్ కట్టే కమ్మీ దగ్గర తెగిన తీగ తాళం పడి ఉంది. వంగి తీశాడు. ఒకటే కోత. ఆ వీధిలో ఎవరి తాళంచెవి పోయినా ఆయన కొట్టుకే రావాలి. అలాంటి మనిషికి ఆ క్షణాన కోపమూ రాలేదు, బాధా కలగలేదు. ఎవరో బాగుచేయమని ఇచ్చిన తాళాన్ని చూసినట్టు దాన్ని తిప్పి చూస్తూ నిలబడిపోయాడు.

పోలీసు స్టేషన్‌లో కానిస్టేబుల్ అడిగిన మొదటి ప్రశ్నే సైకిల్ నంబరు గురించి.

"పెడళ్ళ మధ్య, ఫ్రేము అడుగున చెక్కి ఉంటుందండీ. అది రాసుకోకపోతే, దొరికినా మీదేనని ఎలా నమ్మాలి? మీదానిలాంటి నీలం సైకిళ్ళు వెనకాల కుప్పగా పడున్నాయి."

ఇంట్లో ఎవరూ ఆ నంబరు రాసుకోలేదు. మర్నాటి నుంచి కూతురు ఆసుపత్రిలో తను పనిచేసే రక్తపరీక్షల గదికి గంటసేపు నడిచి వెళ్ళసాగింది. ఆయన మామూలుగానే కొట్టు తెరిచాడు, మూశాడు. పెట్టింది తిన్నాడు.

సెలవురోజున ఆమె కొట్టుకి అన్నం క్యారియర్ తెచ్చింది. అప్పుడే ఒకాయన తీగ తాళం అడుగుతున్నాడు.

"అది వద్దండీ. కట్టరు పెడితే అర నిమిషం ఆగదు. ఈ లావుపాటి ఇనుప తాళం తీసుకుని, ఫ్రేమునీ చక్రాన్నీ కలిపి కమ్మీకి వేయండి" అన్నాడు తాళాలాయన అలవాటుగా.

బేరం అయి ఆ కొన్నాయన వెళ్ళేదాకా కూతురు కదల్లేదు.

"మరి నాకెందుకిచ్చావు నాన్నా, ఆ తీగ?"

"మన మెట్ల కిందేగా అని..."

"అమ్ముడుపోక మిగిలిందని! పరాయివాళ్ళకి చెప్పే మాట నాకొక్కసారి చెప్పలేదు. తాళాలాయన కూతురికి తాళం గురించి బెంగేమిట్లే అనుకుని నేనూ అడగలేదు."

క్యారియర్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఇంట్లో భార్య నిలదీసింది. "తప్పయిందని ఒక్క మాట అనలేరా దానితో?"

"ఏమీ అనిపించట్లేదే. లోపలంతా మొద్దుబారిపోయింది."

"అనిపించేదాకా కూర్చుంటారా? చేతులున్నాయిగా!"

మర్నాడు పొద్దున్నే నోటు పుస్తకం పట్టుకుని ఆ మేడలో ప్రతి గుమ్మమూ ఎక్కాడు. ఒక్కో సైకిల్నీ తలకిందులు చేసి, మట్టి తుడిచి, నంబరు రాసుకున్నాడు. మెట్ల కింద గోడలోకి మందపాటి కమ్మీ దించాడు.

"చేతులు కాలాక ఆకులా?" అన్నాడు రెండో అంతస్తు మాస్టారు.

"మీవింకా కాలలేదుగా మాస్టారూ. తిప్పండి సైకిల్."

మాస్టారు నవ్వి తిప్పాడు. కొత్తముఖం ఎవరు మెట్లెక్కినా 'ఎవరు కావాలండీ' అని అడగాలని అందరూ అనుకున్నారు. మూడో రోజు కూతురు వచ్చి పుస్తకం లాక్కుంది. "నువ్వు చదువు, నేను రాస్తా." నంబర్ల జాబితా స్టేషన్‌లో నమోదు చేయించింది కూడా తనే.

నెల తిరక్కుండానే, కింది వాటాలో కుట్టుపని చేసే పిన్నిగారి సైకిల్ బజారులో పోయింది. ఐదో రోజున స్టేషన్ నుంచి కబురొచ్చింది, నంబరు కలిసిందని.

"అన్నయ్యగారూ, నా బండి నాకొచ్చింది!" ఆవిడ సైకిల్ నడిపించుకుంటూ వచ్చి, సీటు నిమురుతూ ఏడుస్తూ నవ్వింది.

తాళాలాయన కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మెట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. అప్పుడే డ్యూటీ నుంచి నడిచొచ్చిన కూతురు పక్కన కూర్చుంది. ఆమె పాదాలకి లేచిన పొక్కులు ఆయన కంటబడ్డాయి.

"తప్పయిందమ్మా. నీకివ్వాల్సింది మంచిది. మిగిలింది ఇచ్చాను."

"ఈ మాట అనడానికి ఇన్నాళ్ళు పట్టిందా నాన్నా!" అంటూ ఆయన భుజం మీద తల ఆనించి, ఆ పిల్ల కూడా ఏడ్చేసింది.