కాలువ వైపు తిరిగిన బాణాలు

హరనాథబాబు పేరు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. భయం తర్వాతి సంగతి, ముందు కోపమే వస్తుంది.

బాన్సువాడలో నాది మోటార్ వైండింగ్ దుకాణం. సాయంత్రాలు, సెలవు రోజుల్లో ఒక ప్రైవేటు బడి పిల్లలకు స్కౌట్ మాస్టరుగా ఉండేవాణ్ని. జీతం లేదు, ఇష్టం కొద్దీ చేసేవాణ్ని. 2003 డిసెంబరులో క్యాంపు రుద్రూర్ వైపు పెడదామన్నాను. బడి కరస్పాండెంట్ హరనాథబాబు ఒప్పుకోలేదు.

"కోటగిరి దారిలో, కాలువ పక్కన మన మామిడితోట ఉండగా వేరే చోటెందుకయ్యా భానుప్రసాద్?" అన్నాడు.

సరేనన్నాను. పగలంతా బాగానే గడిచింది. గుడారాలు వేశాం, పప్పు, అన్నం వండుకున్నాం. పొద్దు వాలుతుండగా ట్రాకింగ్ ఆట మొదలుపెట్టాను. నేను ముందు వెళ్లి నేల మీద రాళ్లతో బాణాలు పేరుస్తాను. పిల్లలు ఒక్కొక్కరే వాటిని చూసుకుంటూ వస్తారు. బాణం చూపిన దారిని అనుమానించకూడదు, ఎవర్నీ అడగకూడదు. అదే ఆట. నా బాణాలన్నీ కాలువకు దూరంగా, చెరుకు తోట అవతల ఉన్న పంపుషెడ్డు వైపే పెట్టాను.

పిల్లలందరూ వచ్చారు. వాళ్లలో అందరికంటే చిన్నవాడు బిట్టు రాలేదు.

వెతుక్కుంటూ వెనక్కి నడిచాను. మంచు దిగుతోంది. ఎక్కడో పొలంలో వరి కొయ్యకాళ్లు కాలుతున్న వాసన. చెరుకు ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక మలుపులో బాణం కనిపించింది. నేను పెట్టింది కాదు. అది కాలువ వైపు తిరిగి ఉంది. ముట్టుకున్నాను. రాళ్లు తడిగా ఉన్నాయి, పాచి వేళ్లకంటింది. కొంచెం ముందు ఇంకో బాణం.

"ఎవడ్రా వాడు? పిల్లల పాణాలతోని ఆటలా?" అని అరిచాను.

ఆకుల చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు విజిల్ వినిపించింది. పిల్లల్ని పోగు చేయడానికి మేం ఊదే విజిలే. కానీ నీళ్లలోంచి ఊదుతున్నట్టు, గుడగుడమంటూ... నా విజిల్ నా మెడలోనే ఉంది.

పరుగెత్తాను.

కాలువ మెట్ల మీద, మోకాళ్ల లోతు నీళ్లలో బిట్టు. కాలర్ పట్టి లాగాను. బక్క పిల్లాడు... కదల్లేదు. వాడి ఎడమ చేయి నీళ్ల వైపు చాచి ఉంది. మోకులా బిగుసుకుని ఉంది. అవతల ఎవరూ లేరు.

"బిట్టూ... ఇటు చూడు బిడ్డా."

"సార్ షేక్‌హ్యాండ్ ఇస్తుండు సార్..." గుసగుసగా అన్నాడు.

స్కౌట్లం ఎడమ చేతులే కలుపుతాం. అది మా పద్ధతి.

"ఏ సారు రా?"

"దయానంద్ సారట."

నాకంటే ముందు పనిచేసిన స్కౌట్ మాస్టరు. చెప్పాపెట్టకుండా మహారాష్ట్ర వెళ్లిపోయాడని హరనాథబాబే నాతో అన్నాడు. ఈ ఏడే బడిలో చేరిన బిట్టు ఆయన్ని ఎన్నడూ చూడలేదు.

నడుము చుట్టూ చేతులేసి నా బరువంతా వెనక్కి వేశాను. ఒక్కసారిగా వాడొచ్చి నా మీద పడ్డాడు.

వెంటనే క్యాంపు ఎత్తేశాను. పిల్లలందర్నీ ట్రాక్టరులో ఇళ్లకు చేర్చి, అటునుంచి అటే హరనాథబాబు ఇంటికి పోయాను.

"దయానంద్ ఏమైండు?"

ఆయన తలుపు దగ్గరికి వేశాడు. "మెల్లగా మాట్లాడు. కాలువలో పడి చనిపోయాడు. మన తోటలో పెట్టిన క్యాంపులోనే. శవం కూడా దొరకలేదు. బడికి చెడ్డపేరని బయటికి రానివ్వలేదు."

"తెల్సి గూడ పిల్లలను గా కాలువ కాడికే పంపినవా?"

"పంపడం మానేస్తే ఎందుకని అడుగుతారుగా జనం!"

చొక్కా గల్లా పట్టుకున్నాను. ఆయన భార్య అడ్డం రాకపోతే కొట్టేవాణ్నే. మనిషి చస్తే ఊరొదిలి పోయాడని చెప్పాడు. ఆ అబద్ధం నిలబెట్టుకోవడానికి పసిపిల్లల్ని అదే నీళ్ల పక్కన పడుకోబెట్టాడు. వీడూ ఒక మనిషేనా?

మర్నాడు పొద్దున బిట్టు ఇంటికి వెళ్లాను. వాడి నాయనమ్మ పోసవ్వ గడపలోనే ఎదురైంది.

"జరం లేదు సారూ, బువ్వ గూడ తిన్నడు. గా ఎడమ చెయ్యే... రాత్రి సంది తుడుస్తనే ఉన్న. తడి ఆరుతలేదు."

బిట్టు మంచం మీద పడుకుని ఉన్నాడు. ఎడమ చేయి అంచు మీద నుంచి కిందికి వేలాడుతోంది. పట్టుకున్నాను. చల్లగా ఉంది. అరచేయంతా నాని ముడతలు పడింది. వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు వంగి ఉన్నాయి. విప్పబోయాను. విడలేదు. బొట్టు... బొట్టు... నేల మీద నీళ్లు పడుతున్నాయి.

"నొస్తుందా బిడ్డా?"

వాడు తలూపాడు. నా వైపు చూడలేదు. మంచం పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తున్నాడు.

"సార్... జెర వదలమని మీరన్న చెప్పుండ్రి."