ఎడమకాలికి పని

టీ చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచినా ఆయన కారు కిందనుంచి బయటికి రాలేదు. గేర్లు వాటంతట అవే మారే పాత కారది. కిందటి నెల గేర్‌బాక్సు మొరాయించింది. దానికి విడిభాగాలు ఎక్కడా దొరకలేదు. తుక్కు దుకాణంలో, అదే రకం కారుదే, చేత్తో గేర్లు మార్చే గేర్‌బాక్సు దొరికింది. ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? దాన్ని బిగిస్తూ నెలరోజులుగా తిండి కూడా షెడ్డులోనే.

భార్యకు మాత్రం ఆ నెలరోజులూ ముద్ద దిగలేదు.

"నాన్నకి ఇవాళైనా చెప్తావా?" వంటింట్లో కూతురు గొంతు తగ్గించి అడిగింది.

"ఏం చెప్పమంటావే? ఎడమకాలికి స్పర్శ సరిగ్గా లేదంటే మరుక్షణం తాళాలు లాక్కుంటారు."

"చెప్పకపోతే మాత్రం క్లచ్ ఎవరు తొక్కుతారు, నేనా?"

ఆమె టీ మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ఇన్నాళ్ళూ ఆ కారులో ఎడమకాలికి పనే లేదు. అందుకే రెండేళ్ళు గుట్టు దాగింది. ఊరవతల బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పడానికి ఒక్కతే వెళ్ళొచ్చే ఆ నలభై నిమిషాలూ, రోజు మొత్తంలో ఆమె సొంతం.

"ఏమోయ్, వస్తున్నావా?" షెడ్డులోంచి కేక. చేతుల నిండా గ్రీజు, మొహంలో పెళ్ళికొడుకు కళ. "మొదటి రౌండు నీదే. ఇక పదేళ్ళు ఢోకా లేదు."

ఆమె కూర్చుని ఇంజను ఆన్ చేసింది. ఎడమకాలు ఎత్తి కొత్త పెడల్ మీద పెట్టింది. తొక్కుతోందో లేదో ఆమెకే తెలియలేదు. కాలు పక్కకి జారింది.

"చీమని నలుపుతున్నావా? గట్టిగా తొక్కు."

మళ్ళీ ప్రయత్నించింది. గేరు కర్రుమంది.

"పళ్ళు రాలగొడతావేంటి నా గేర్లకి? పెళ్ళైన కొత్తలో నేర్పింది నేనే కదా, మర్చిపోయావా?"

"మర్చిపోలేదండీ. కాలే రావట్లేదు." అంతా చెప్పేసింది. చివర, "పాతది మళ్ళీ బిగించలేరా?" అంది.

"తుక్కుకిచ్చేశాను. ఉన్నా పనిచెయ్యదు." ఆయన మొహం ఎర్రబడింది. "రెండేళ్ళా? ఆ కాలితో రోడ్డెక్కావా? నాకొక్క మాట చెప్పకుండా?"

"చెబితే ఇంట్లో కూర్చోబెట్టేవారు. కాదనండి చూద్దాం."

ఆయన చెయ్యి చాపి ఇంజను ఆపి, తలుపు పక్కన నేలమీద చతికిలబడ్డాడు. ఆమె ఎడమకాలి చెప్పు తీసి తిరగేశాడు. ముందు భాగం అరిగి చిల్లుపడింది. టైరు అరుగుదల చూసి ఏ చక్రం వంకరో చెప్పగల మనిషి, ఆ చెప్పువంక చాలాసేపు చూశాడు.

"ఇది ఈడ్చుకునే చప్పుడు రోజూ వింటూనే ఉన్నాను. చెప్పులు వదులనుకున్నాను."

ఆమె పాదాన్ని పెడల్ మీద పెట్టి, పైన తన అరచెయ్యి ఆనించి చివరిదాకా నొక్కాడు.

"ఇప్పుడు వెయ్యి."

గేరు చప్పుడు లేకుండా పడింది.

"రేపు డాక్టరు దగ్గరికెళ్దాం. నేనే నడుపుతాను..." ఖాళీ చేత్తో గేరు రాడ్డు చూపించాడు. "పక్కన కూర్చుని గేర్లు నువ్వు మార్చు."

 ఆమె కళ్ళు తుడుచుకోలేదు. ఆయన క్లచ్ నొక్కి పట్టుకునే ఉన్నాడు. ఆమె రెండో గేరు వేసింది, తర్వాత మూడోది. కారు అంగుళమైనా కదల్లేదు.